మొగులన్న నల్ల రూపాయి

ఆగస్టు 5, మంగళవారం

పొద్దుటి నుంచి ముసురు. మేడ్చల్ బస్టాండులో బస్సులు తప్ప మనుషులు కదల్లేదు. షాపులో రెండు గడియారాలకు సెల్లులు వేశాను, ఒకదానికి బెల్టు మార్చాను. అంతే బేరం.

నరసింహ మా నాణేల గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ఇరవై నాలుగు, ఆదివారం, శామీర్‌పేటలో అతని వెంచర్ ఆఫీసులో ఈ ఏటి క్విజ్. ప్రశ్నలు వేసేది ఈసారి అతనే. మొదటి రౌండు ఏమిటో ముందే చెప్పేశాడు. "ఎవరింట్ల అతిథి ఉన్నదో ఆళ్లు గా అతిథి జాతకం చెప్పాలె. ఏ రాజు, ఏ టంకసాల, ఏ సంవత్సరం. పది మార్కులు."

క్విజ్‌లో మేం ఇద్దరిద్దరుగా ఎదురెదురు పోటీ పడతాం. ఓడినవాడు తన పెట్టెలో అన్నిటికంటే ఇష్టమైన నాణేన్ని గెలిచినవాడి ఇంటికి ఏడాదిపాటు అతిథిగా పంపాలి. మరుసటి ఏడు అందరి ముందు అప్పగించాలి. సొంతదారు లెన్స్ పెట్టి చూసి "క్షేమం" అంటాడు, అందరం చప్పట్లు కొడతాం. ఆరేళ్ళుగా ఇదే ఆచారం, ఇంతవరకు ఒక్క అతిథికీ ఏమీ కాలేదు.

పోయిన ఏడు నేను మొగులన్నను ఓడించాను. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసి, బ్యాగులో పడిన ప్రతి బిళ్ళనూ తిప్పి చూసిన మనిషి ఆయన. ఆయన్ని ఓడించడమంటే మాటలు కాదు. ఆ సంగతి నేను ఎక్కడా ఎత్తను. షాపు గోడకు ఆ రోజు ఫోటో పెట్టడం వేరే సంగతి.

ఆయన అతిథి మా బీరువాలో ఉంది. నిజాం కాలపు చార్మినార్ రూపాయి, వెండిది. నల్లగా ఉంటుంది, అంచుల్లో కాస్త నీలం తేలుతుంది. వెండికి అట్లాంటి నలుపు పట్టాలంటే ఒక తరం గడవాలి. దాన్ని తోమకూడదన్నది మా వాళ్ళకు మొదటి పాఠం. తోమిన పాత నాణేన్ని మాలో ఎవరూ చేత్తో కూడా ముట్టరు.

చిక్కేమిటంటే సంవత్సరం అంకెల మీదే నలుపు మందంగా పట్టింది. హిజ్రీ లెక్కలో పదమూడు వందల దాకా కనిపిస్తుంది, ఆ తర్వాత ఏమీ లేదు. పది మార్కుల కోసం నేనేమీ పడి చావడం లేదు. స్నేహంగా ఆడుకునే ఆట ఇది. అయినా చూద్దాం.

ఆగస్టు 6, బుధవారం

రాయాల్సిన విశేషాలేమీ లేవు.

ఆగస్టు 7, గురువారం

మొగులన్న రూపాయి తెల్లబడింది.

ఎట్లా తెల్లబడిందని రాస్తూ కూర్చుంటే నల్లబడదు. తెల్లబడింది, అంతే. లైటు కింద పెడితే కళ్ళు జిగేలుమంటున్నాయి.

మా ఆవిడ పద్మలత రేపటి వరలక్ష్మి వ్రతానికి వెండి సామాను తోముతోంది. కుంకుమ భరిణె, రెండు కుందులు, మా పెద్దమ్మాయి చిన్నప్పటి పాల గిన్నె. పళ్ళపొడి వేసి, పాత బ్రష్షుతో. ఏటా ఇదే పని. ఇంట్లో ఉన్న వెండి అంతా తోముతుంది. వెండి అంతా.

ఆగస్టు 8, శుక్రవారం

వ్రతం బాగా జరిగింది. వాయినాలకు తొమ్మిది మంది వచ్చారు. పులిహోరలో కొద్దిగా ఉప్పు తక్కువైంది, నేను ఏమీ అనలేదు.

బీరువాలోంచి పట్టుచీర తీసేటప్పుడు పద్మలత ఆ డబ్బీ చూసింది. "ఏమయ్యా, గీ బిళ్ళ నల్లగుండె గదా. గిప్పుడు మెరుస్తాందేంది? ఏం పెట్టినవ్?"

"లైటుకు గట్ల గొడ్తది" అన్నాను.

ఆమె నా మొహం వైపు ఒకసారి చూసి, చీర తీసుకుని వెళ్ళిపోయింది.

ఆగస్టు 10, ఆదివారం

మా నాణేల వాళ్ళ ఆదివారం మీటింగుకు పోలేదు. మోకాలు నొప్పి. ఏ మోకాలో ఇంకా తేల్చుకోలేదు.

పన్నెండింటికి మొగులన్న ఫోన్ చేశాడు. "రాలేదేంది బాలేషూ? పాణం మంచిగున్నదా? మీ వదిన యాదవ్వ అడుగుతాంది, జొన్న రొట్టెలు జేసి పంపాల్నా అని."

ఆయన రొట్టెల మాట ఎత్తకపోయినా బాగుండేది. నోరు తెరిచేసరికి ఆ మాట దానంతట అదే వచ్చింది. "అన్నా, వరలక్ష్మి వ్రతమని మా ఇంట్ల వెండి తోమిన్రు. గండ్ల నీ రూపాయి గూడ పడ్డది."

తోమిన్రు అన్నాను. పేరు చెప్పలేదు. ఆయనే అడిగాడు. "పద్మనా?"

"ఊఁ" అన్నాను.

వెనక వాళ్ళింటి టీవీ చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "పోనియ్‌ తమ్మీ. ఇంటోళ్లకు ఏమెరుక గా నలుపు సంగతి. నీ తప్పేమున్నది?"

ఫోన్ పెట్టేశాక మనసు తేలికైంది. ఊఁ అనడం అబద్ధం కిందికి రాదు. ఏటా తోమేది ఆమే కదా. ఆమె చెవిన పడకపోతే ఆమెకూ బాధ లేదు, మొగులన్నకూ నా మీద కోపం లేదు, అందరికీ మంచిదే. రెండు పూటలా కడుపునిండా తిన్నాను.

ఆగస్టు 11, సోమవారం

ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనతో కలిపి డబ్బాలో మూసిపెడితే వెండి మళ్ళీ నల్లబడుతుందని ఎక్కడో చదివాను. శ్రావణమాసంలో మా ఇంట్లో గుడ్డు మాట ఎత్తితే పద్మలత నన్నే ఉడకబెడుతుంది. అందుకని షాపులోనే పెట్టాను, గడియారాల సామాను డబ్బాలో.

సాయంత్రం దాకా షాపంతా ఒకటే కంపు. గోడ గడియారం తెచ్చిన ముసలాయన ముక్కు మూసుకుని, "ఎగ్ బోండాలు గూడ షురూ జేసినవా సేటూ?" అని అడిగాడు.

మూత తీస్తే రూపాయి నల్లగా లేదు. పసుపూ గోధుమ రంగూ మచ్చలు పట్టింది. చార్మినార్‌కు కామెర్లు వచ్చినట్టుంది. మళ్ళీ కడిగేశాను. రెండోసారి.

ఆగస్టు 13, బుధవారం

సంగతి గ్రూపులోకి ఎక్కింది. మొగులన్న చెప్పి ఉండడు. యాదవ్వ ఎవరికో చెప్పి ఉంటుంది. నరసింహ "అందరు బీరువాలకు తాళాలేసుకోండ్రి, వ్రతాలు నడుస్తున్నయ్" అని పెట్టాడు. దాని కింద పద్నాలుగు నవ్వు బొమ్మలు.

అందులో ఒకటి నాది. పెట్టకపోతే అనుమానం వస్తుందని పెట్టాను.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. పద్మలత పొద్దున్నే తయారై "బౌరంపేట్‌ల మా చెల్లె పసుపు బొట్టుకు రమ్మన్నది" అని వెళ్ళింది. సాయంత్రం ఐదు దాటాక వచ్చింది, చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి. చెల్లె ఎట్లా ఉందని అడిగితే "మంచిగనే ఉన్నది" అంది. మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు కుట్టడం మొదలుపెట్టింది.

బొట్టుకు పోయిన మనిషి చేతిలో జాకెట్టు ముక్క గానీ, అరటిపండు గానీ లేదు. మర్చిపోయి ఉంటుంది.

ఆగస్టు 17, ఆదివారం

ఈ ఆదివారం కూడా పోలేదు. మొగులన్నే షాపుకొచ్చాడు, మచ్చ బొల్లారం నుంచి బస్సులో. గడియారం బెల్టు తెగిందన్నాడు. తెగలేదు, పిన్ను ఊడింది, అంతే. బెల్టు కోసం అంతదూరం రాడని నాకు తెలుసు.

స్టూలు మీద కూర్చుని గడియారం నా చేతికిచ్చాడు. తర్వాత అన్నాడు. "మొన్న శుక్రారం పద్మ వచ్చింది మా ఇంటికి. నీకు ఎరుకనా?"

నా చేతిలో పిన్ను కింద పడింది. వెతుకుతున్నట్టు వంగి, అట్లాగే ఉండిపోయాను.

"రెండు బస్సులు మారి వానల వచ్చింది. దండం బెట్టి, 'అన్నా, నేనే తోమిన, ఎరుకలేక జేసిన, నన్ను తిట్టుండ్రి. ఆయనతోని మాట్లాడుడు బందు పెట్టకుండ్రి, ఆయనకు మీరు తప్ప దోస్తులు లేరు' అన్నది. నేను జర గట్టిగనే అన్న తమ్మీ. 'నీ చేతులు ఊకుండయా? ఇంట్ల కనబడ్డదల్ల తోముడేనా?' అన్న. యాదవ్వ ఆపినా ఆగలే. చాయ్ గూడ తాగకుంట పోయింది. గప్పటి సంది నాకు తిండి సయిస్తలేదు."

నేను లేచి పిన్ను బిగించాను. ఆయన మళ్ళీ అన్నాడు. "అది మా అవ్వ రూపాయి. నలభై ఏండ్లు ఆకువక్క సంచిల, తంబాకు కాడల నడుమ పెట్టుకున్నది. గా నలుపు మా అవ్వ తంబాకు నలుపు. ముక్కు కాడ పెడితే ఇంకా వాసనొచ్చేది. గందుకే నోరు జారిన. పద్మకు చెప్పు, మనసుల పెట్టుకోవద్దని."

చెప్తానన్నాను. గడియారం ఇచ్చేశాను. ఆయన బస్సెక్కేదాకా షాపు బయటే నిలబడ్డాను.

ఇంటికొచ్చి చెప్పలేదు.

ఆగస్టు 18, సోమవారం

ఇది ఎవరూ చదవరు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే నాకంటే వెర్రివాడు ఉండడు.

ఆరో తారీకు రూపాయిని షాపుకు తీసుకుపోయి, సాయంత్రం మూసే ముందు నేనే తోమాను. మొదట మొత్తం తోముదామని కాదు. సంవత్సరం ఉన్నచోట, అగ్గిపుల్ల తలకాయంత జాగా. దూదికి నీళ్ళు అద్ది చూశాను, కదల్లేదు. గడియారం పళ్ళ చక్రాలకు వాడే బ్రష్షు తీశాను. దానికి రవ్వంత పళ్ళపొడి. అంకె బయటపడింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, పది మార్కులు చేతిలో పడ్డట్టే అనిపించింది.

అప్పుడు చూశాను. నల్లటి బిళ్ళ మీద ఆ జాగా ఒక్కటే తెల్లగా, బొల్లి మచ్చలా ఉంది. దాన్ని పక్కనున్న నలుపుతో కలిపేద్దామని అంచులు కొద్దిగా రుద్దాను. మచ్చ పెద్దదైంది. ఇంకొద్దిగా రుద్దాను. సగం తెల్లబడ్డాక మిగతా సగం మురికిలా కనిపించింది. ఇంక ఆగలేదు. అరగంటలో మొత్తం అయిపోయింది. ముప్పై ఏళ్ళుగా గడియారాలు విప్పుతున్నవాణ్ణి, దేన్ని ముట్టాలో దేన్ని ముట్టకూడదో పక్కవాళ్ళకు పాఠాలు చెప్పేవాణ్ణి.

పద్మలతకు ఈ సంగతి తెలియదనుకున్నాను. ఎట్లా తెలియదు? తాను తోమలేదని తనకు తెలియదా? యాదవ్వ ఫోన్ చేసి ఉంటుంది. "అవును, నేనే" అని ఒప్పుకుని ఉంటుంది. ఆ తర్వాత వానలో పోయి, చెయ్యని తప్పుకు తిట్లు తిని వచ్చింది. వచ్చి నాకు అన్నం వడ్డించింది. నేను తిన్నాను.

సిగ్గుగా ఉంది. రాయడానికి వేరే మాట దొరకలేదు.

ఆగస్టు 20, బుధవారం

ఈరోజు చెప్పాను. అంటే మొదలుపెట్టాను. ఆమె మిషను తొక్కుతోంది.

"పద్మా, గా రూపాయి సంగతి..."

మిషను ఆగలేదు.

"నువ్వు మొగులన్న ఇంటికి పోయినవంట."

మిషను ఆగింది. ఆమె దారం తెంపి, గుడ్డ మడతపెట్టి, అప్పుడు నా వైపు తిరిగింది. "పోయిన. పోకుంటే ఏం జేద్దు? నువ్వు రెండు ఆదివారాలసంది ఇంట్ల గూసొని గోడలు చూస్తున్నవ్. మోకాలు నొప్పని ఒకసారి ఎడమది, ఒకసారి కుడిది పట్టుకుంటున్నవ్."

"తప్పయింది. తోమింది నేనే. నీ మీద పెట్టిన."

"నాకు చెప్పుడేంది? నాకు ఎరుకలేదా? ఎవలకు చెప్పాల్నో ఆళ్లకు చెప్పు."

"మొగులన్నకు ఫోన్ జేసి..."

"ఫోన్‌ల చెప్పే కదా నా మీద బెట్టింది. నలుగురు నవ్విన్రు. గా నలుగురి ముంగట చెప్పు. లేకుంటే ఇడిసిపెట్టు, నేనే తోమిన అనుకుంట బతుకుత. మస్తు అంటరు, పడ్తా."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. అదే నాకు కష్టంగా ఉంది.

ఆగస్టు 22, శుక్రవారం

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. మొగులన్న ఇప్పటికే మాఫ్ చేశాడు. చెప్తే ఉన్న ఒక్క దోస్తూ పోతాడు.

ఈ రెండు వాక్యాలు పొద్దున రాసినవి. సాయంత్రం మళ్ళీ చదివాను. కొట్టెయ్యకుండా ఉంచుతున్నాను.

ఆగస్టు 24, ఆదివారం

క్విజ్ రోజు ఇంటోళ్ళు కూడా వస్తారు. పద్మలత రానంటుందేమో అనుకున్నాను. పొద్దున్నే తలస్నానం చేసి, ఆకుపచ్చ చీర కట్టుకుని, స్కూటర్ దగ్గర నిలబడింది.

నరసింహ ఆఫీసు గోడలనిండా ప్లాట్ల నక్షాలే. వాటి ముందు రెండు వరసల కుర్చీలు. యాదవ్వ వెనక వరసలో ఉంది. పద్మలత వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. మొగులన్న ముందు వరసలో, చొక్కా జేబులో లెన్స్‌తో. నన్ను చూసి పక్క కుర్చీ చూపించాడు. కూర్చున్నాను.

అతిథుల రౌండు మొదలైంది. మొదట రక్షిత లేచింది. నర్సింగ్ చదివే పిల్ల, మా అందరికంటే ఎక్కువ చదువుతుంది. తన దగ్గరున్న రాగి దమ్మిడీ జాతకం గడగడా చెప్పి అప్పగించింది. సొంతదారు "క్షేమం" అన్నాడు. చప్పట్లు. పది మార్కులు.

తర్వాత నా పేరు పిలిచారు. నరసింహ మైకు అవసరం లేని మనిషి. "ఇగ మన బాలేషన్న. గీ అతిథి సంవత్సరం నిరుటిదాక ఎవలకు కనబడలే. గిప్పుడు పద్మక్క పుణ్యమాని జిగేల్‌మంటాంది. చెప్పన్నా, పది మార్కులు పుణ్యానికొచ్చినయ్!"

అందరూ నవ్వారు. వెనక్కి తిరిగి చూశాను. పద్మలత కూడా నవ్వుతున్నట్టు మొహం పెట్టింది. చేతులు మాత్రం కొంగు కింద దాచుకుంది. మొగులన్న "చేతులు ఊకుండయా" అన్న చేతులు. అవి చూశాక ఇంక చెప్పాలా వద్దా అన్నది నా చేతిలో లేకుండా పోయింది.

"సంవత్సరం నాకెరుక" అన్నాను. "గా అంకె చదువుదామనే నేను తోమిన. బ్రష్షు పెట్టి, పళ్ళపొడి వేసి, షాపుల కూసొని. పద్మ తోమలే. గా రూపాయిని ముట్టనే లేదు. నేను అబద్ధం చెప్పిన, అది తన మీదికి పోయింది, నేను చూసుకుంట ఊకున్న. గ్రూపుల నవ్విన గూడ."

నరసింహ పెన్ను పట్టుకుని కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. మార్కులు వెయ్యాలో వద్దో పాపం తెలియలేదు. చివరికి సున్నా చుట్టాడు. రక్షిత తల వంచుకుని ఫోన్‌లో ఏదో వెతుకుతున్నట్టు చేసింది.

నేను డబ్బీ తెరిచి మొగులన్న ముందు పట్టుకున్నాను. ఆయన దానివైపు చూడలేదు. లేచి, నన్ను దాటుకుని, కుర్చీల మధ్య నుంచి వెనక వరసకు నడిచాడు. పద్మలత లేవబోయింది.

"కూసో చెల్లె" అన్నాడు. ఆ పెద్దమనిషి, అందరి ముందు, ఆమెకు రెండు చేతులూ జోడించాడు. "చెయ్యని తప్పుకు నిన్ను మాటన్న. ఇంటికొచ్చిన ఆడిబిడ్డకు చాయ్ గూడ పొయ్యకుంట పంపిన. మాఫ్ జెయ్యి బిడ్డా."

పద్మలత ఆయన చేతులు పట్టుకుని కిందికి దించింది. "గట్ల చెయ్యకుండ్రి అన్నా" అంది. అంతవరకు ఆగిన కన్నీళ్ళు అప్పుడు కారాయి. యాదవ్వ తన కొంగుతో ఆమె మొహం తుడిచింది.

మొగులన్న తిరిగొచ్చి నా చేతిలోంచి రూపాయి తీసుకున్నాడు. లెన్స్ పెట్టి చూశాడు, అటూ ఇటూ తిప్పి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. డబ్బీ నాకే వదిలేసి, రూపాయిని జేబులో వేసుకున్నాడు. "క్షేమం" అనలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన పక్క కుర్చీ అట్లాగే ఖాళీగా ఉంచాడు, నేను మాత్రం వెళ్ళి కూర్చోలేకపోయాను. మిగతా రౌండ్లు గోడకు ఆనుకుని నిలబడి చూశాను.

ఎవరు గెలిచారో కూడా సరిగ్గా గుర్తు లేదు. రక్షిత అనుకుంటాను.

వచ్చేటప్పుడు చెరువు గాలి చల్లగా కొట్టింది. పద్మలత స్కూటర్ మీద వెనక కొంగు కప్పుకుని కూర్చుంది. ఇల్లు చేరి, తాళం తీసి, చెప్పులు విడిచాక అడిగింది.

"ఇంతకూ ఏం సంవత్సరం అది?"

అక్కడ ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"పదమూడు వందల ముప్పై ఏడు" అన్నాను.

"గింతేనా?" అంది.

"గింతే" అన్నాను.